గెలిస్తే వచ్చేవాళ్ళు, ఓడినా ఉండేవాళ్ళు: అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల చరిత్ర

2018 జనవరి 6. అమెరికాలోని ఓహియో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరం. ఎముకలు కొరికే చలిలో జనం వేల సంఖ్యలో స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు. వాళ్ళ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆ సీజన్‌లో ఆడిన మ్యాచ్‌లు 16, గెలిచినవి సున్నా. అంతకు ముందు సీజన్‌లో గెలిచింది ఒక్కటే. స్టేడియం చుట్టూ గుండ్రంగా తిరగడం వెనక కూడా లెక్క ఉంది. నడిచిన దారి సున్నా ఆకారంలో ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. దానికి పెట్టిన పేరు 'పర్ఫెక్ట్ సీజన్ పరేడ్'. ఆ పేరు మీద పోగైన విరాళాలు ఆకలిగొన్నవారికి తిండి పెట్టే ఆహార బ్యాంకుకు చేరాయి.

ఇది కోపమా, వెటకారమా, ప్రేమా అంటే మూడూ అనే చెప్పాలి. గెలుస్తున్న జట్టు వెంట మాత్రమే ఉండేవాడికి ఆ చలిలో బయటకు రావాల్సిన పని లేదు. వాడు ఈపాటికి మరో జట్టు చొక్కా తొడుక్కుని ఉంటాడు. అలాంటివాళ్ళను అమెరికాలో 'బ్యాండ్‌వాగన్ ఫ్యాన్' అంటారు. మన మాటల్లో గాలివాటు అభిమాని, చెరువు నిండితే చేరే కప్ప.

ఆటల గోల మనకెందుకు అనుకోకండి. 'విధేయత' మీద ఎస్సే పేపర్లో ప్రశ్న వస్తే చాలామంది రాజకీయ ఫిరాయింపుల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. విధేయత అనేది మనిషి గుణమా, లేక చట్టాలూ మార్కెట్టూ కలిసి తయారుచేసే వస్తువా అన్న ప్రశ్నకు అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర చక్కటి కేస్ స్టడీ. ఇది మనం ఫుట్‌బాల్ అని పిలిచే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. దాని ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్‌ఎల్, 1920లో ఓహియోలోని క్యాంటన్‌లో మరో పేరుతో పుట్టింది. ఈ పేరు 1922లో వచ్చింది. ఇప్పుడు అందులో 32 జట్లు ఉన్నాయి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో అమెరికన్ సర్కస్ కంపెనీలు ఊళ్ళోకి వచ్చేటప్పుడు వాద్యబృందాన్ని ఒక అలంకరించిన బండి మీద ఎక్కించి వీధుల్లో తిప్పేవి. అదే బ్యాండ్ వాగన్. రాజకీయ నాయకులు ఆ హంగును ప్రచారానికి వాడుకున్నారు. గెలిచేలా ఉన్న అభ్యర్థి వైపు చేరడాన్ని 'బండెక్కడం' అనడం ఆ శతాబ్దం చివరికి వాడుకలో స్థిరపడింది. 1940 అధ్యక్ష ఎన్నికల మీద పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఓహియోలోని ఈరీ కౌంటీలో చేసిన అధ్యయనం (1944లో 'ద పీపుల్స్ ఛాయిస్' పేరుతో పుస్తకంగా వచ్చింది) ఓటర్లలో ఈ ధోరణిని చర్చించింది. 1950లో హార్వీ లైబెన్‌స్టైన్ దాన్ని అర్థశాస్త్రంలోకి తెచ్చాడు: పదిమంది కొంటున్నారు కాబట్టి నేనూ కొంటాను అనే గిరాకీకి బ్యాండ్‌వాగన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు.

అభిమానుల విషయంలో ఎక్కువగా ఉదహరించేది రాబర్ట్ చాల్దీని బృందం 1976లో ప్రచురించిన పరిశోధన. అది ప్రొఫెషనల్ ఆట మీద కాదు, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ మీద జరిగింది. జట్టు గెలిచిన వారం తర్వాత వచ్చే సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థులు పెరిగారు. ఫోన్ చేసి అడిగితే, గెలిచిన మ్యాచ్ గురించి 'మనం గెలిచాం' అన్నట్టు, ఓడిన మ్యాచ్ గురించి 'వాళ్ళు ఓడిపోయారు' అన్నట్టు మాట్లాడే మొగ్గు కనిపించింది. భారత్ క్రికెట్ మ్యాచ్ మర్నాడు టీ కొట్టు దగ్గర నిలబడిన ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు. ఇంగ్లీషులో దానికి ఒకటే మాట ఉంది, తెలుగులో రెండున్నాయి. గాలివాటుగా వచ్చినవాడు 'మనం గెలిచాం' అంటాడు. ఇరవయ్యేళ్ళు ఓటములు చూసినవాడు వాడివైపు ఓ చూపు చూసి 'మేం గెలిచాం' అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్నదే అసలు తగాదా.

ఇక చరిత్రలోకి వెళ్దాం. యూరప్ సాకర్ లీగుల్లో ఓడిపోయే జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది, కానీ సాధారణంగా ఊరు వదిలి పోదు. అమెరికాలో దీనికి తలకిందులు. ఎంత ఘోరంగా ఓడినా లీగ్‌లో చోటు ఎక్కడికీ పోదు. పైగా 1936 నుంచి నడుస్తున్న డ్రాఫ్ట్ పద్ధతిలో అట్టడుగున నిలిచిన జట్టుకే కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే మొదటి అవకాశం. 1994 నుంచి జీతాల మీద గరిష్ఠ పరిమితి కూడా ఉంది. అంటే ఎప్పుడో ఒకప్పుడు ప్రతి జట్టూ గెలిచేలా, ఏ జట్టూ కలకాలం గెలవకుండా ఉండేలా లీగ్‌ను అమర్చారు. నిలబడే అభిమానికి ఆశ ఉండేది ఇందుకే. పోయే ప్రమాదం మాత్రం మరోచోట ఉంది: జట్టు యజమాని సొంత ఆస్తి, లీగ్‌లోని తోటి యజమానులను ఒప్పించుకుంటే దాన్ని మూటగట్టుకుని మరో నగరానికి తీసుకుపోవచ్చు. అభిమాని జట్టును వదిలిపెట్టడం గురించి మనం ఇంతసేపూ మాట్లాడుకున్నాం. జట్టే అభిమానిని వదిలి వెళ్ళిపోతే?

బాల్టిమోర్‌లో జరిగింది అదే. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు అదనపు సమయంలో న్యూయార్క్ జెయింట్స్‌ను 23-17తో ఓడించి ఛాంపియన్ అయింది. టీవీలో దేశమంతా చూసిన ఆ మ్యాచ్‌ను ఇప్పటికీ 'ఇంతవరకూ ఆడిన వాటిలో గొప్ప మ్యాచ్' అని పిలుస్తారు. ఈ ఆట జాతీయ వ్యసనంగా మారడానికి అదొక మలుపు. పాతికేళ్ళు తిరిగేసరికి పరిస్థితి మారిపోయింది. యజమాని రాబర్ట్ ఇర్సే మీద నగరానికి నమ్మకం పోయింది, 1982లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, స్టేడియంలో ఖాళీ కుర్చీలు పెరిగాయి. కొత్త స్టేడియం కోసం ఇర్సే బేరాలాడుతుంటే, మేరీలాండ్ రాష్ట్ర శాసనసభ ఒక అసాధారణమైన పని మొదలుపెట్టింది. రోడ్ల కోసం భూమి సేకరించినట్టే, నష్టపరిహారం ఇచ్చి ఫుట్‌బాల్ జట్టును స్వాధీనం చేసుకునే అధికారాన్ని నగరానికి ఇచ్చే బిల్లు అది. పాలిటీ చదివేవాళ్ళకు ఎమినెంట్ డొమెయిన్ అనే మాట తెలిసిందే. ఆస్తి హక్కు, ప్రజా ప్రయోజనం, పరిహారం అంటూ 300ఎ అధికరణ దగ్గర మనం చదివే చర్చే ఒక ఆటల జట్టు మీద నడిచిందన్నమాట.

బిల్లు చట్టమయ్యేలోపే 1984 మార్చి 28 అర్ధరాత్రి దాటాక మేఫ్లవర్ రవాణా సంస్థ లారీలు వచ్చి హెల్మెట్ల దగ్గర్నుంచి ఫైళ్ళ దాకా ఎక్కించుకుని ఇండియానాపొలిస్‌కు బయల్దేరాయి. గవర్నర్ 29న సంతకం పెట్టేసరికి స్వాధీనం చేసుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. నగరం కోర్టుకెళ్ళింది. జట్టు అప్పటికే రాష్ట్రం దాటిపోయింది కాబట్టి ఆ అధికారం చెల్లదని 1985లో ఫెడరల్ కోర్టు తేల్చింది.

లారీలు తీసుకుపోలేనిది ఒకటుంది: జట్టు వాద్యబృందం. బాల్టిమోర్ కోల్ట్స్ మార్చింగ్ బ్యాండ్ సభ్యులు స్థానిక అభిమానులు. జట్టు పారిపోయిన రాత్రి వాళ్ళ యూనిఫాంలు డ్రైక్లీనింగ్‌లో ఉండటంతో మిగిలిపోయాయి. వాటిని దాచుకుని, జట్టే లేని ఆ బ్యాండు 12 ఏళ్ళపాటు వాయిస్తూనే ఉంది. ఊరేగింపుల్లో వాయించింది, వేరే నగరాల జట్ల మ్యాచ్‌ల విరామంలో వాయించింది, కొత్త స్టేడియానికి నిధులివ్వమని శాసనసభ్యుల ఎదుట వాయించింది. 2009లో దర్శకుడు బ్యారీ లెవిన్‌సన్ దీని మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. బ్యాండు బండి ఎక్కేవాళ్ళను ఎగతాళి చేసే మాట పుట్టిన దేశంలోనే, బండి వెళ్ళిపోయాక బ్యాండు మాత్రం మిగిలింది. ఇలాంటి యాదృచ్ఛికాన్ని ఏ రచయితైనా కల్పిస్తే అతిశయోక్తి అంటాం.

అయితే ఖాళీ కుర్చీల సంగతి దాటవేయకూడదు. 1983 నాటికి రావడం మానేసిన బాల్టిమోర్ జనమంతా గాలివాటు మనుషులేనా? వాళ్ళలో చాలామంది ఇర్సే మీద కోపంతో ఆగిపోయినవాళ్ళు. ఇక్కడ మనకు పనికొచ్చే పుస్తకం ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ'. ఒక సంస్థ నాణ్యత దిగజారితే దాన్ని నమ్ముకున్నవాళ్ళకు రెండు దారులు: వదిలి వెళ్ళిపోవడం, లేదా లోపలుండి గొంతెత్తడం. మొదటిది ఎగ్జిట్, రెండోది వాయిస్. విధేయత అనేది మూడో దారి కాదు. అది మొదటిదాన్ని కాస్త ఆలస్యం చేసి రెండోదానికి సమయమిచ్చే బ్రేకు. ఈ లెక్కన గాలివాటు అభిమాని ఎగ్జిట్‌ను నమ్ముకున్నవాడు, నిలబడే అభిమాని వాయిస్‌ను నమ్ముకున్నవాడు. 1980లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టు వరసగా 14 మ్యాచ్‌లు ఓడినప్పుడు అభిమానులు తలకు కాగితపు సంచులు తగిలించుకుని స్టేడియానికొచ్చారు. మొహం చూపించుకోవడానికి సిగ్గు, రాకుండా ఉండటానికి మనసొప్పదు. చాల్దీని విద్యార్థులు చొక్కా మార్చుకుంటే, వీళ్ళు చొక్కా మార్చకుండా మొహం దాచుకున్నారు.

కానీ ఎప్పటికీ వెళ్ళిపోనివాడి గొంతును యజమాని ఎందుకు వినాలి? హిర్ష్‌మన్ వాదనలోని పదునైన చోటు ఇదే, నా దృష్టిలో ఈ చర్చంతటికీ కీలకం కూడా. ఎటూ పోడని తెలిసిన కొనుగోలుదారు మీదే ధర పెంచడం తేలిక. 1990ల్లో కెరోలైనా పాంథర్స్ స్టేడియం కట్టడానికి సీటు లైసెన్సులు అమ్మారు: సీజన్ టికెట్ కొనాలంటే ముందు, ఆ టికెట్ కొనే హక్కును కొనుక్కోవాలి. తర్వాత చాలా జట్లు ఇదే బాట పట్టాయి. విధేయతకు ఇచ్చిన బహుమానం ఇంకో బిల్లు.

క్లీవ్‌లాండ్‌కు ఈ పాఠం 1995లో తగిలింది. ఓటమి భారంతో స్టేడియాలు ఖాళీ అయిన ఊరు కాదది. జనం నిండుగా వచ్చేవాళ్ళు. అయినా యజమాని ఆర్ట్ మోడెల్ 1995 నవంబర్ 6న, జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నానని ప్రకటించాడు. మర్నాడే స్టేడియం మరమ్మతుల కోసం మద్యం, సిగరెట్ల మీద పన్ను కొనసాగించాలా వద్దా అని స్థానికంగా ఓటింగు. వెళ్ళిపోతానన్న జట్టు కోసం పన్ను కట్టడానికి ఓటర్లు భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. డిసెంబర్ 17న సొంతగడ్డ మీద చివరి మ్యాచ్‌లో బ్రౌన్స్ సిన్సినాటి బెంగాల్స్‌ను 26-10తో ఓడించింది. ప్రేక్షకులు కుర్చీలు పీకేశారు. ఆట అయ్యాక ఆటగాళ్ళు గ్యాలరీ గోడ దగ్గరకెళ్ళి అభిమానులను కౌగిలించుకున్నారు.

ఈసారి గొంతుకు ఫలితం దక్కింది. మేయర్ మైకేల్ వైట్ నాయకత్వంలో నగరం దావా వేసింది, 1998 దాకా ఉన్న స్టేడియం లీజును ముందుకు తెచ్చింది, అభిమానులు లీగ్‌ను ఫ్యాక్సులతో ముంచెత్తారు. 1996 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం మోడెల్ ఆటగాళ్ళను, సిబ్బందిని తీసుకెళ్ళవచ్చు. 'బ్రౌన్స్' అనే పేరు, రంగులు, రికార్డులు, చరిత్ర మాత్రం క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999 నాటికి అక్కడ మళ్ళీ జట్టు రావాలి. వచ్చింది కూడా. యజమాని సొత్తు నుంచి జట్టు చరిత్రను విడదీసి ఊరికి రాసివ్వడమంటే, అభిమానులు తరతరాలుగా పోగుచేసింది ఒక ఆస్తి అని ఒప్పుకోవడమే. బాల్టిమోర్‌కు ఆ గౌరవం దక్కలేదు. కోల్ట్స్ పేరూ, 1958 విజయమూ ఇండియానాపొలిస్ ఖాతాలోనే ఉన్నాయి.

ఇందులో మింగుడుపడని సంగతి కూడా ఉంది. 12 ఏళ్ళు జట్టు లేకుండా వాయించిన బాల్టిమోర్ బ్యాండుకు చివరికి దొరికింది క్లీవ్‌లాండ్ నుంచి లాక్కొచ్చిన జట్టు. రేవెన్స్ అనే కొత్త పేరుతో 1996లో ఆడటం మొదలెట్టి, 2001 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్‌కు తిరిగొచ్చిన బ్రౌన్స్ ఇంతవరకూ సూపర్ బౌల్ మొహం చూడలేదు. నిలబడ్డవాళ్ళకు న్యాయం జరుగుతుందని రాసేవాళ్ళు ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

గొంతుకు చట్టబద్ధమైన చోటున్న ఊరు ఒకటుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే, జనాభా సుమారు లక్ష. మన లెక్కన ఒక మోస్తరు మున్సిపాలిటీ. 1919లో పుట్టిన ప్యాకర్స్ జట్టుకు ఒక మాంసం ప్యాకింగ్ కంపెనీ జెర్సీలకు డబ్బివ్వడంతో ఆ పేరొచ్చింది. డబ్బుకు కటకటలాడుతుంటే 1923లో లాభాపేక్ష లేని సంస్థగా మారి ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున ఊరి జనానికి వాటాలు అమ్మారు. ఆ వాటాలకు డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోలేరు. దక్కేది ఓటు హక్కు. ఇప్పటి లీగ్ నియమాలు ఇలాంటి యాజమాన్యాన్ని మరే జట్టుకూ ఒప్పుకోవు. 1968 నుంచి 1991 దాకా 24 సీజన్లలో ఈ జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది రెండుసార్లే. ఆ కాలమంతా సీజన్ టికెట్లు అమ్ముడైపోతూనే ఉన్నాయి. ఇప్పుడు వాటి కోసం వరసలో ఎదురుచూస్తున్నవారు ఊరి జనాభా కంటే ఎక్కువ.

అదంతా గ్రీన్ బే మనుషుల మంచితనమే అనుకుంటే పొరపాటు. కెనడీ 1961లో సంతకం చేసిన స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం లేకపోతే ఈ కథ ఎప్పుడో ముగిసేది. జట్లన్నీ కలిసి టీవీ హక్కులు అమ్ముకోవడానికి ఆ చట్టం పోటీ నిరోధక చట్టాల నుంచి మినహాయింపునిచ్చింది. వచ్చిన డబ్బును సమానంగా పంచుకోవడానికి న్యూయార్క్ జెయింట్స్ యజమానులైన మారా కుటుంబం ఒప్పుకుంది. మహానగరం వాటా, చిన్న ఊరి వాటా ఒకటే అయ్యాయి. పెట్టుబడిదారీ దేశంలో కోటీశ్వరుల మధ్య సోషలిజం అని చాలామంది చమత్కరించేది దీన్నే. ఫైనాన్స్ కమిషన్ చాప్టర్ చదివేటప్పుడు గుర్తుచేసుకోండి.

మరి గాలివాటు అభిమానుల మాటేమిటి? వాళ్ళను తిట్టడం తేలిక. కానీ డాలస్ కౌబాయ్స్ సంగతి చూడండి. 1966 నుంచి 1985 దాకా వరసగా 20 సీజన్లు ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. టీవీలో ఎప్పుడు చూసినా వాళ్ళే. 1978 సీజన్ మీద ఎన్ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ తీసిన చిత్రానికి 'అమెరికాస్ టీమ్' అని పేరు పెట్టారు, అది అతుక్కుపోయింది. డాలస్‌ను ఎన్నడూ చూడనివాళ్ళు దేశమంతటా ఆ జట్టు బండెక్కారు. 1996 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాక మళ్ళీ ఆ మెట్టు దాకా వెళ్ళలేదు. అయినా దేశమంతటా అభిమానులున్నారు. తాత గెలుపు చూసి ఎక్కాడు, తండ్రి అలవాటుగా కూర్చున్నాడు, మనవడు ఓటములు చూస్తూ కూడా దిగలేదు. నిన్నటి గాలివాటే ఇవాళ్టి విధేయత. డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో ఆ జట్టు ప్రధాన కార్యాలయముంది. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ప్రాంతం కూడా అదే. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలు కౌబాయ్స్ చొక్కా వేసుకుంటే దాన్ని గాలివాటు అనగలమా, సొంతూరి జట్టు అనాలా?

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ విషయంలో ఈ చిక్కు ఇంకా గట్టిది. 1970ల్లో ఆ జట్టు నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. దాదాపు అదే కాలంలో మొదలై 1980ల్లో ఆ ప్రాంతపు ఉక్కు కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళు కుటుంబాలతో సహా ఇతర రాష్ట్రాలకు వలసపోయారు. జట్టు గుర్తయిన పసుపు తువ్వాలు కూడా వెంట వెళ్ళింది. ఇప్పుడు ఎక్కడో ఫ్లోరిడాలో ఆ తువ్వాలు ఊపేవాడు గెలుపు చూసి చేరినవాడో, పని పోయి ఊరు వదిలినవాడి కొడుకో చూసి చెప్పలేం. వలస వెళ్ళిన మనిషికి ఊరు మిగిలేది ఇలాంటి గుడ్డముక్కల్లోనే.

మన దేశం వైపు చూస్తే, బ్యాండ్‌వాగన్ భయం చట్టంలోనే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2009 సవరణతో వచ్చిన 126ఎ సెక్షన్, చివరి దశ పోలింగ్ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్స్ ప్రకటించకుండా ఆపుతుంది. గెలిచేవాడెవరో ముందే తెలిస్తే మిగిలిన ఓటర్లు అటు ఒరుగుతారేమోనన్నది దాని వెనకున్న ఆందోళనల్లో ఒకటి. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ ప్రజాప్రతినిధుల ఎగ్జిట్‌ను మూసేసింది. కానీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే పదవి పోతుందన్న నిబంధనతో వాయిస్‌ను కూడా చాలావరకు మూసేసింది. హిర్ష్‌మన్ చెప్పినట్టు చూస్తే ఇది విధేయత కాదు, తాళం. క్లీవ్‌లాండ్ అభిమానికి కనీసం సున్నా ఆకారంలో ఊరేగే వీలుంది.

ఆ ఊరి కథ ఇంకా సాగుతోంది. మోడెల్ దెబ్బ తర్వాత 1996లో ఓహియో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రజల పన్నులతో కట్టిన స్టేడియంలో ఆడే జట్టు ఊరు వదలాలంటే ఆరు నెలల ముందు నోటీసివ్వాలి, కొనడానికి స్థానికులకు అవకాశమివ్వాలి. జనం దాన్ని 'మోడెల్ చట్టం' అంటారు. ఇటీవల బ్రౌన్స్ యాజమాన్యం నగరం నడిబొడ్డు నుంచి శివారు పట్టణమైన బ్రూక్ పార్క్‌కు మారాలనుకున్నప్పుడు నగరపాలక సంస్థ ఈ చట్టాన్నే ఆయుధంగా తీసింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం బడ్జెట్‌తో పాటే ఆ చట్టాన్ని సవరించి, రాష్ట్రం దాటి వెళ్ళే జట్లకు మాత్రమే వర్తించేలా కుదించింది. అదే బడ్జెట్‌లో కొత్త స్టేడియానికి 60 కోట్ల డాలర్లు కేటాయించింది.